‘క్లరికల్’ అన్న మాటను తెలుగులో ఎలా రాయాలి?

చెన్నైలో ఉంటూ తెలుగులో కాగితాలు సిద్ధం చేసేవారు చాలామందే ఉన్నారు. చర్చి పత్రికకు వార్తలు రాసేవారు, నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లోని ఆస్తికి ఇక్కడి నుంచే దస్తావేజులు రాయించుకునేవారు, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు ప్రకటనలు విడమరచి చెప్పేవారు అందరూ మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఒకటే: ‘క్లరికల్’ అంటే పాదిరీలకు సంబంధించినదా, గుమాస్తాలకు సంబంధించినదా? రెండింటికీ సంబంధించినదే. ఏ చోట ఏ అర్థమో తేల్చుకోవడానికి ఒక క్రమం ఉంది. దాన్ని పాటించకుండా నిఘంటువులో మొదట కనబడిన అర్థాన్ని ఎత్తి రాస్తే ‘మతాధికారుల పోస్టులకు దరఖాస్తులు ఆహ్వానిస్తున్నాము’ వంటి వాక్యాలు అచ్చులోకి వచ్చేస్తాయి.

చరిత్ర అవసరమైనంత వరకే చెబుతాను. గ్రీకులో ‘క్లేరోస్’ అంటే చీటీ, చీటీలో దక్కిన వంతు. క్రైస్తవ సంఘంలో దైవసేవకు ప్రత్యేకించిన వారికి ఆ మాట అన్వయమై, లాటిన్‌లో ‘క్లెరికుస్’ అయింది. మధ్యయుగపు ఐరోపాలో చదవను, రాయను వచ్చినవారు ఎక్కువగా చర్చి మనుషులే కాబట్టి రాజుల కొలువుల్లో ఉత్తరాలు, లెక్కలు రాసే పని కూడా వారిదే అయింది. కాలక్రమంలో రాతపని సామాన్యుల చేతికి వచ్చినా పేరు మాత్రం మారలేదు. ఇంగ్లండులో అయితే చదవగలిగిన నేరస్థుడు చర్చి మనిషికి ఉన్న మినహాయింపునే తనకూ ఇమ్మని కోర్టును కోరే పద్ధతి శతాబ్దాల పాటు సాగి, 1827లో రద్దయింది. చదువుకూ మతసేవకూ మధ్య గీత అంత పలచగా ఉండేది.

కావలసినవి

మాట ఒక్కటే కాకుండా మూలంలోని పూర్తి వాక్యం, వీలైతే పేరా మొత్తం దగ్గర ఉంచుకోండి. అది ఏ కాగితమో, అంటే ప్రకటనో, కోర్టు ఉత్తర్వో, చర్చి నివేదికో, విదేశీ వార్తో, శీర్షికతో సహా తెలియాలి. మీ తెలుగును ఎవరు చదువుతారో ముందే అడిగి తెలుసుకోండి. చర్చికి సంబంధించిన పని అయితే ఆ సంఘానికే చెందిన ఒక మనిషి ఫోనులో అందుబాటులో ఉండాలి. ఈ చివరి దాన్ని చాలామంది అనవసరం అనుకుంటారు కానీ, అయిదవ మెట్టు దగ్గరకు వచ్చేసరికి అదే అన్నిటికన్నా అవసరం అవుతుంది.

1. పక్కనున్న నామవాచకాన్ని చూడండి

‘క్లరికల్’ విశేషణం కాబట్టి దాని తరువాత వచ్చే మాటే చాలా సందర్భాల్లో అర్థాన్ని తేల్చేస్తుంది. పోస్టు, కేడరు, స్టాఫ్, గ్రేడు, వర్క్, ఎర్రర్, మిస్టేక్ అన్నవి వస్తే అది కార్యాలయపు అర్థం. కాలర్, డ్రెస్, సెలిబసీ, ఆర్డర్స్ అన్నవి వస్తే చర్చి అర్థం. రూల్, రెజీమ్, ఎస్టాబ్లిష్‌మెంట్ అన్నవి వస్తే అది మతగురువుల రాజకీయ అధికారానికి సంబంధించిన మాట. అక్కడ ఉన్నది క్రైస్తవులే కానక్కరలేదు.

హెచ్చరిక: కాలర్ విషయంలో కంగారు పడకండి. ‘క్లరికల్ కాలర్’ అంటే ఫాదర్లు, పాస్టర్లు మెడకు పెట్టుకునే తెల్లటి పట్టీ. ‘వైట్ కాలర్’ ఉద్యోగం అంటే కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. రెండు కాలర్లూ తెల్లవే కావడం అనువాదకుల దురదృష్టం.

2. నామవాచకం తేల్చకపోతే, ఆ పని ఏమిటో అడగండి

డ్యూటీస్, హెల్ప్, అసిస్టెన్స్, అపాయింట్‌మెంట్ అన్న మాటల పక్కన ‘క్లరికల్’ వస్తే మొదటి మెట్టు పనిచేయదు. ‘మా విచారణకు క్లరికల్ హెల్ప్ కావాలి’ అన్న వాక్యం మీ చేతికి వచ్చిందనుకోండి (కతోలికుల వాడుకలో విచారణ అంటే పారిష్, ఒక చర్చి పరిధిలోని సంఘం). పూజ చేయడానికి ఇంకొక ఫాదరు కావాలని దాని అర్థం కావచ్చు, జ్ఞానస్నానపు రిజిస్టరు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒక కుర్రాడు కావాలని కూడా కావచ్చు. చర్చి నుంచి వచ్చింది కాబట్టి మతార్థమే అని తీర్మానించడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. మేత్రాసన కార్యాలయంలోనూ, అంటే బిషప్ కార్యాలయంలోనూ, టైపింగు, ఫైళ్లు, రశీదులు ఉంటాయి.

పేరాలో టైపింగు, కంప్యూటర్, పని వేళలు, జీతం వంటి మాటలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది ఆఫీసు పనే. బలిపూజ, సంస్కారాలు, ప్రసంగం, బదిలీ ఉత్తర్వు కనబడితే గురువుల సంగతి. రెండూ లేకపోతే పంపినవారిని అడగండి. ఊహించి రాసి ‘బహుశా’ అని పక్కన పెట్టడం కన్నా ఒక ఫోను చేయడం మంచిది.

3. కార్యాలయపు అర్థం అయితే మూడు మాటల్లో ఒకటి ఎంచుకోండి

‘గుమాస్తా’ పారశీకం నుంచి వచ్చి మనదైపోయిన మాట. అయితే ఇప్పుడది వినగానే తెలుగువారికి కొట్టు గుమాస్తానో వకీలు గుమాస్తానో గుర్తుకు వస్తాడు. ప్యారిస్ కార్నర్‌లో హైకోర్టు చుట్టుపక్కల ఫైళ్లు మోసుకుని తిరిగే వకీలు గుమాస్తాకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది, బ్యాంకు ఉద్యోగికి మాత్రం సరిపోదు. మామూలు రాతల్లో ‘క్లర్కు’ అనే రాయండి. పని గురించి చెప్పేటప్పుడు, అంటే ‘క్లరికల్ వర్క్’ అన్నచోట, ‘రాతపని’ లేదా ‘ఆఫీసు రాతకోతల పని’ అనవచ్చు.

అధికారిక హోదాలను అనువదించకండి. బ్యాంకులు ‘క్లరికల్ కేడర్’ అని రాసే చోట తెలుగులోనూ ‘క్లరికల్ కేడర్’ అనే ఉంచండి. పైగా పేర్లు మారుతున్నాయి: బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ నిర్వహించే క్లర్కు పరీక్ష ఇప్పుడు ‘కస్టమర్ సర్వీస్ అసోసియేట్’ పేరుతో వస్తోంది, స్టేట్ బ్యాంకులో అదే స్థాయి ఉద్యోగిని ‘జూనియర్ అసోసియేట్’ అంటారు. తమిళనాడులో గ్రూప్ 4 పరీక్ష రాసి ‘జూనియర్ అసిస్టెంట్’ అవుతారు. బెంగళూరులో అయితే ‘ఫస్ట్ డివిజన్ అసిస్టెంట్’, ‘సెకండ్ డివిజన్ అసిస్టెంట్’ అన్న హోదాలు ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి ‘గుమాస్తా ఉద్యోగాలు’ అని రాస్తే ఏ దరఖాస్తులో ఏ గడి నింపాలో చదివిన పిల్లవాడికి తెలియదు.

ఉద్యోగ నియామక పత్రాన్ని అనువదిస్తున్నప్పుడు ఇంకొంచెం జాగ్రత్త అవసరం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ‘వర్క్‌మన్’ ఎవరో చెబుతూ శారీరక, సాంకేతిక, క్లరికల్, పర్యవేక్షణ పనులను విడివిడిగా పేర్కొంది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ వరుసను నిలుపుకుంది. కాబట్టి పత్రంలో ‘క్లరికల్’ అని ఉన్నచోట మీరు గౌరవంగా ఉంటుందని ‘పరిపాలనా బాధ్యతలు’ అని రాస్తే, రేపు వివాదం వచ్చినప్పుడు ఆ ఉద్యోగికే చిక్కు తెచ్చిపెట్టవచ్చు. అక్కడ ‘రాతపని’ అనే ఉండాలి.

4. ‘క్లరికల్ ఎర్రర్’ అయితే ఆగి ఆలోచించండి

అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఇక్కడే. ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే.

దీనిని ‘గుమాస్తా తప్పు’ అని రాయకండి. తప్పు ఎవరు చేశారన్నది ఈ మాట చెప్పదు, ఏ రకం తప్పన్నది మాత్రమే చెబుతుంది. తీర్పు రాసిన న్యాయమూర్తి కలమే జారి ‘వాది’ అనవలసిన చోట ‘ప్రతివాది’ అని పడినా అది క్లరికల్ ఎర్రరే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షను తీర్పుల్లో, డిక్రీల్లో, ఉత్తర్వుల్లో దొర్లిన రాత పొరపాట్లను, లెక్క పొరపాట్లను, పరాకున జరిగిన విడుపులను కోర్టు తనంతట తానుగా గాని, కక్షిదారు కోరినప్పుడు గాని, ఎప్పుడైనా సవరించవచ్చని చెబుతుంది. క్రిమినల్ వైపు సంతకమైన తీర్పును కోర్టు తిరిగి మార్చకూడదన్నది నియమం. దానికి మినహాయింపుగా చెప్పినది కూడా ఈ రాత పొరపాటు, లెక్క పొరపాటే. పాత కోడ్‌లో 362వ సెక్షనుగా ఉన్న ఆ నియమం 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 403వ సెక్షను అయింది. అంటే ‘ఇది క్లరికల్ ఎర్రర్’ అనడంలో ‘తీర్పు తప్పు కాదు, ఆలోచన తప్పు కాదు, కాగితం మీదకు దిగేటప్పుడు జారిన తప్పు’ అన్న వాదన దాగి ఉంది. మీ తెలుగులో ఆ వాదన నిలవాలి.

అందువల్ల ‘రాతలో దొర్లిన పొరపాటు’ అని గాని, కోర్టు కాగితమైతే ‘లేఖన దోషం’ అని గాని రాయండి. ‘తప్పిదం’, ‘నిర్లక్ష్యం’, ‘అపరాధం’ అన్నవి వద్దు. అవి ఎవరినో దోషిగా నిలబెడతాయి, దరఖాస్తు అందుకున్న అధికారికి కోపం తెప్పిస్తాయి.

చెన్నైలోని తెలుగువారు తమిళ కాగితాల్లో కనిపించే ‘ఎళుత్తుప్పిళై’ని చూసి ‘అక్షర దోషం’ అని రాసేస్తారు. ఆ మాట స్పెల్లింగు తప్పుకే సరిపోతుంది. ఒక వరుస విడిచిపోవడం, తండ్రి పేరు గడిలో తాత పేరు పడడం, సర్వే నంబరులో అంకెలు తారుమారు కావడం కూడా క్లరికల్ ఎర్రర్లే. ‘అక్షర దోషం’ అంటే వాటికి చోటు ఉండదు.

దగ్గరగా ఒక ఉదాహరణ చూద్దాం. తమిళ లిపిలో పకు, బకు ఒకే అక్షరం. కకు, గకు ఒకే అక్షరం. తకు, దకు ఒకే అక్షరం. ‘బాబు’ అని పేరు చెప్పి తమిళంలో రాయించుకుంటారు. ఆ తమిళ కాగితాన్ని చూసి మరొకరు ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు అది ‘పాపు’ కావచ్చు, ‘గంగాధర్’ కాస్తా ‘కంకాతర్’ కావచ్చు. ఆసుపత్రి కాగితంలో పేరు సరిగా ఉండి జనన ధ్రువపత్రంలో మాత్రమే ఇలా పడితే అది స్వచ్ఛమైన రాత పొరపాటు. దరఖాస్తు తెలుగు చిత్తులో ఇలా రాసుకోవచ్చు:

‘ఆసుపత్రి ఇచ్చిన జనన నివేదికలో బిడ్డ తండ్రి పేరు గంగాధర్ అని ఉన్నది. రిజిస్టరులో నమోదు చేసేటప్పుడు రాతలో దొర్లిన పొరపాటు వల్ల అది కంకాతర్ అని పడినది. జతపరచిన నివేదికతో పోల్చి చూసి నమోదును సవరించవలసినదిగా కోరుతున్నాను.’

ఈ చిత్తు కార్యాలయంలో ఇవ్వడానికి కాదు, అక్కడ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఇవ్వాలి. సంతకం చేసే పెద్దవారికి తాము దేనిమీద సంతకం చేస్తున్నారో తెలియడానికి ఇది అవసరం. ‘పోల్చి చూసి’ అన్న మాటను మాత్రం ఏ భాషలోనూ వదలకండి. పాత కాగితం పక్కన పెట్టి చూస్తే చాలు తేలిపోయే తప్పు అని అధికారికి చెప్పేది అదే.

ఇప్పుడు హద్దు ఎక్కడో చూడండి. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం 15వ సెక్షను నమోదులో తప్పు రూపంలో ఉన్నదా, సారంలో ఉన్నదా అని వేరు చేస్తుంది. రాత పొరపాటైతే రిజిస్ట్రారు విచారించి సవరిస్తారు. సారంలోనే తప్పు ఉందంటే సంగతి తెలిసిన ఇద్దరు నమ్మదగిన వ్యక్తుల ప్రకటన కూడా అడుగుతారు. రెండు సందర్భాల్లోనూ అసలు నమోదును చెరపరు, మార్జిన్‌లో సవరణ రాసి తేదీతో సంతకం చేస్తారు. కాబట్టి తెలుగులో ‘దిద్దివేశారు’, ‘తీసివేశారు’ అని రాయడం తప్పు, ‘మార్జిన్‌లో సవరణ నమోదు చేశారు’ అనండి.

మన ఇంటిపేరు సంగతి ఈ హద్దుకు అవతల ఉంటుంది. తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా పడి, ఇంటిపేరు అసలు నమోదు కాకపోవడం ఇక్కడ మామూలే. నమోదు చేయించిన రోజున మీ పెద్దలు అలాగే చెప్పి ఉంటే అది క్లరికల్ ఎర్రర్ కాదు. ఇంటిపేరు చేర్చుకోవడం పేరు మార్పు కిందికి వస్తుంది, గెజెట్ ప్రకటన దారి చూసుకోవాలి. దాన్ని ‘రాతలో దొర్లిన పొరపాటు’ అని రాసి ఇస్తే దరఖాస్తు తిరిగి వస్తుంది.

ఆస్తి దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడినప్పుడు ఉభయ పక్షాలూ సంతకం చేసే ‘సవరణ దస్తావేజు’ రాయిస్తారు. అందులో కూడా ‘పొరపాటున పడినది’ అన్న మాట చాలు, ఎవరి పొరపాటో రాయకండి.

5. చర్చి అర్థం అయితే, ఏ చర్చి అని అడగండి

‘క్లర్జీ’కి, అంటే చర్చిలో దైవసేవకు పట్టం పొందినవారికి, తెలుగు క్రైస్తవులందరూ వాడే ఒకే మాట లేదు. కతోలికులు ‘గురువులు’ అంటారు. పారిష్ ‘విచారణ’, అక్కడి ఫాదరు ‘విచారణ గురువు’, డయాసిస్ ‘మేత్రాసనం’, ఆర్డినేషన్ ‘గురుపట్టాభిషేకం’. ప్రొటెస్టంటు సంఘాల్లో ‘పాస్టరుగారు’, ‘సంఘ కాపరి’, కొన్ని చోట్ల గౌరవంగా ‘అయ్యగారు’. 1947 సెప్టెంబరు 27న చెన్నైలోని సెయింట్ జార్జ్ కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు కానీ, వారి వారి పలుకుబడులు పూర్తిగా కలిసిపోలేదు. అందుకే ఆ సంఘంలోని మనిషి ఫోనులో ఉండాలన్నాను.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు ఇవి. కతోలిక సిస్టర్లను క్లర్జీలో చేర్చకూడదు. వారు సన్యాస జీవితంలో ఉన్నవారే అయినా గురుపట్టం పొందినవారు కారు. ఉపదేశి, సంఘ పెద్ద కూడా గృహస్థులైన విశ్వాసులే. డీకన్ దగ్గర మరింత జాగ్రత్త: కతోలికుల్లో డీకన్ క్లర్జీలో భాగం, మన తెలుగు బాప్టిస్టు సంఘాల్లో మాత్రం డీకన్లు సంఘం ఎన్నుకున్న సామాన్య సభ్యులు. ‘క్లరికల్ సెలిబసీ’ని ‘పాస్టర్ల బ్రహ్మచర్యం’ అని రాస్తే పెళ్లయి పిల్లలున్న పాస్టరుగారు నవ్వుకుంటారు. ‘కతోలిక గురువుల బ్రహ్మచర్యం’ అని సంఘం పేరు చేర్చి రాయండి.

‘అర్చకులు’, ‘పురోహితులు’ అన్నవి వినడానికి తెలుగుగా ఉన్నా గుడి పరిభాష. ‘పాదిరి’ పాత కాగితాల్లో చెల్లుతుంది, ఇప్పటి ఆహ్వాన పత్రికలో చెల్లదు.

విదేశీ వార్తల్లో మాట వేరే రూపంలో వస్తుంది. 1979 తరువాతి ఇరాన్ గురించి ‘క్లరికల్ రూల్’ అని ఉంటే ‘మతగురువుల పాలన’ అనండి. ‘యాంటీ-క్లరికల్’ అన్నదాన్ని ‘మత వ్యతిరేకి’ అని గాని, ‘నాస్తికుడు’ అని గాని రాయకండి. ఫ్రాన్సులో చర్చిని, ప్రభుత్వాన్ని వేరుచేసిన 1905 నాటి చట్టాన్ని సమర్థించిన వారిలో విశ్వాసులూ ఉన్నారు. వారు వద్దన్నది దేవుణ్ణి కాదు, రాజ్యం మీద చర్చి పెత్తనాన్ని. ‘మతగురువుల పెత్తనాన్ని వ్యతిరేకించేవారు’ అంటే పొడవవుతుంది గాని నిజం అవుతుంది. పోప్ ఫ్రాన్సిస్ తరచూ విమర్శించిన ‘క్లరికలిజం’ కూడా ఇదే వరుసలోది, అక్కడ ‘గురువుల పెత్తనం’ అన్నది చక్కగా అతుకుతుంది.

6. మొదటి మెట్టును తలకిందులు చేసే మాటలు

‘క్లర్క్ ఇన్ హోలీ ఆర్డర్స్’ అన్నది ఇంగ్లండు చర్చిలో పట్టం పొందిన గురువుకు చట్టపరమైన హోదా పేరు. చెన్నైలోని పాత చర్చి రిజిస్టర్లతో పని పడినవారికి ఇది ఎదురవుతుంది. ఇందులో ఉన్నది గుమాస్తా కాదు, ‘ఆర్డర్స్’ అంటే ఉత్తర్వులూ కావు; ‘పట్టం పొందిన గురువు’ అని రాయండి. దీనికి పూర్తిగా ఎదురు ‘పారిష్ క్లర్క్’: నేటి ఇంగ్లండులో అతను స్థానిక పాలక మండలి ఉద్యోగి, చర్చితో సంబంధం లేదు. చైనా లిపికళలో ‘క్లరికల్ స్క్రిప్ట్’ అన్నది హాన్ వంశపు కాలంలో ప్రభుత్వ రాతకోతల్లో స్థిరపడిన లిపి శైలి. ‘లేఖరుల లిపి’ అంటే సరిపోతుంది, బౌద్ధ భిక్షువులను లాగకండి.

7. తెలుగు లిపిలో ఒకే రూపం వాడండి

‘క్లరికల్’, ‘క్లెరికల్’ రెండూ కనబడతాయి. పత్రికల్లో మొదటిదే ఎక్కువ. ఏదైనా ఫరవాలేదు గాని, ఒకే కాగితంలో రెండూ వాడకండి. మీరు రాసిన కాగితాన్ని కంప్యూటర్‌లో వెతికేవారికి సగమే దొరుకుతుంది. ‘క్లార్క్’ బ్రిటిషు ఉచ్చారణ, ‘క్లర్క్’ అమెరికా ఉచ్చారణ. తెలుగు రాతలో ‘క్లర్కు’ స్థిరపడింది కాబట్టి దానినే ఉంచండి. ‘క్లార్క్’ను మనిషి పేరుకు వదలండి.

సరిచూసుకోవడం ఎలా

మొదటి పరీక్ష: మీ తెలుగు వాక్యంలో ‘రాతపని’ తీసి ‘గురువుల’ అని పెట్టి చదవండి. నవ్వు వస్తే మీ ఎంపిక సరైనది. రెండు విధాలా అర్థవంతంగా ఉంటే మూలంలోని సందేహం మీ వాక్యంలోనూ మిగిలి ఉందన్నమాట, రెండవ మెట్టుకు తిరిగి వెళ్లండి.

రెండవ పరీక్ష పొరపాట్ల కోసం: అసలు కాగితాన్ని పక్కన పెట్టుకుని చూస్తే, ఎవరినీ ఏమీ అడగకుండానే, తప్పు తేలిపోతుందా? తేలితే ‘రాతలో దొర్లిన పొరపాటు’ నిలుస్తుంది. సాక్షి కావాలన్నా, ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవలసి వచ్చినా ఆ మాట తీసివేయండి.

మూడవది, అనువాదాన్ని మూలం చూడని ఒకరికి చదివి వినిపించి, ‘ఇందులో పని చేస్తున్నది ఎవరు?’ అని అడగండి. చర్చి కాగితమైతే ఆ సంఘం మనిషినే అడగండి. ఆయన ‘మేము ఇలా అనము’ అంటే నిఘంటువు చూపించి వాదించకుండా, వారు అనే మాటనే రాసి, ఆ కాగితంలో అదే మాట వచ్చిన మిగతా చోట్లన్నీ కూడా వెతికి మార్చండి.